ఎముకల్లో, అవయవాల్లో ఉండే సహజ రంధ్రాలు: బట్టీ పట్టకుండా నేర్చుకునే పద్ధతి

పుర్రెను మొదటిసారి చేతిలోకి తీసుకుని, అడుగుభాగం పైకి తిప్పి చూస్తే ఎవరికైనా కంగారు పుడుతుంది. ఎక్కడ చూసినా రంధ్రాలే. గుండ్రటివి, కోలగా ఉన్నవి, చీలికల్లాంటివి, గుండుసూది మాత్రమే పట్టేవి, బొటనవేలు దూరిపోయేవి. పుస్తకం తెరిస్తే ఒక్కోదానికీ ఒక లాటిన్ పేరు, పక్కనే దాని గుండా వెళ్లే నరాల, ధమనుల, సిరల పట్టిక. చాలామంది ఆ పట్టికను పరీక్షకు ముందురోజు రాత్రి బట్టీ పడతారు. వైవాలో, అంటే నోటి పరీక్షలో, సగం గుర్తొస్తుంది. వారం తిరక్కుండానే ఆ సగమూ పోతుంది.

నేనూ మొదట అలాగే చదివాను. పుర్రె అడుగున ఉండే ఫొరామెన్ ఓవేల్ అనే రంధ్రంలోంచి ఏమేం వెళ్తాయని అడిగితే గడగడా చెప్పేదాన్ని. పుర్రె చేతికిచ్చి ఓవేల్ ఎక్కడుందో చూపించమంటే మాత్రం వేలు ఆగిపోయేది. పద్ధతి మార్చుకున్నాకే ఆ టెన్షన్ పోయింది. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. మెడిసిన్, డెంటల్, నర్సింగ్, ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం వాళ్లకు నేరుగా పనికొస్తుంది. శరీరం గురించి తెలుసుకోవాలనే ఆసక్తి ఉన్న ఎవరైనా చదవచ్చు.

పద్ధతికి మూలం ఒక్క విషయం. గర్భంలో శిశువు తయారయ్యేటప్పుడు నరాలు, రక్తనాళాలు ముందు దారి వేసుకుంటాయి. పుర్రె అడుగుభాగంలోని మృదులాస్థి, ఆ తర్వాత ఎముక, వాటి చుట్టూ ఏర్పడతాయి. అంటే ఎముక తయారయ్యాక ఎవరో దానికి తూట్లు పొడవలేదు. అప్పటికే అక్కడున్న నరానికి చోటు వదిలి ఎముక చుట్టూ పేరుకుంది. అందుకే రంధ్రంతో కాకుండా, అందులో ప్రయాణించే నరంతోనో ధమనితోనో చదువు మొదలుపెట్టాలి. దాని ప్రయాణం తెలిస్తే రంధ్రం ఎక్కడుండాలో మీకే తడుతుంది.

మొదటి అడుగు: మాటల మధ్య తేడా పట్టుకోండి

ఫొరామెన్ అనేది తొలవడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. బహువచనం ఫొరామినా. ఒకవైపు నుంచి రెండోవైపుకు తెరుచుకునే రంధ్రం అని అర్థం. దానికే పొడవు పెరిగి సొరంగంలా ఉంటే కెనాల్. సన్నగా, పొడవుగా చీలినట్టుంటే ఫిషర్. లోపలికి వెళ్లే దారి, దాని ముఖం కలిపి మియేటస్. అవయవాల్లోనూ, సైనస్‌ల్లోనూ (ముఖం ఎముకల్లోని గాలి గదుల్లో) ఉండే చిన్న ముఖద్వారానికి ఎక్కువగా ఆస్టియం అంటారు. కండరంలోనో, ఎముక గోడలోనో వదిలిన ఖాళీకి హయేటస్ అనే మాట వాడతారు.

రెండు మాటల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఫోసా అంటే గుంట, దానికి అవతలి వైపు ఉండదు. నాచ్ అంటే ఎముక అంచున పడిన గంటు. ఆ గంటు మీదుగా ఒక లిగమెంట్, అంటే ఎముకలను కట్టే గట్టి పట్టీ, అడ్డంగా సాగితే గంటు కాస్తా రంధ్రమవుతుంది. భుజం వెనక పలక ఎముక పై అంచున ఉన్న సుప్రాస్కాపులర్ నాచ్ ఇలాంటిదే. నరం లిగమెంట్ కింద నుంచి, ధమని లిగమెంట్ మీద నుంచి వెళ్తాయి. వంతెన కింద ఒకరు, వంతెన మీద ఒకరు అనుకుంటే మరి మర్చిపోరు. కొందరిలో ఆ లిగమెంట్ ఎముకగా మారిపోతుంది. అప్పుడు ఎండిన ఎముకలోనే నిజమైన రంధ్రం కనిపిస్తుంది.

లాటిన్ పేర్లకు భయపడకండి, చాలావరకు అవి ఆకారాన్నో స్థానాన్నో చెప్పే మామూలు మాటలే. రొటండమ్ అంటే గుండ్రటిది, ఓవేల్ అంటే గుడ్డు ఆకారంలో ఉన్నది, లాసెరమ్ అంటే చిరిగినట్టున్నది, మాగ్నమ్ అంటే పెద్దది, సీకమ్ అంటే గుడ్డిది, అంటే అవతలికి దారి లేనిది. స్పైనోసమ్‌కు ఆ పేరు పక్కనే ముల్లులా పొడుచుకొచ్చిన ఎముక కొన వల్ల వచ్చింది. ఒకే పేరు రెండుచోట్ల ఉండటం కూడా గమనించండి. ఓవేల్ పుర్రెలోనూ ఉంది, గుండెలోనూ ఉంది. సీకమ్ పుర్రె లోపల ముందుభాగంలో ఒకటి, నాలుక వెనకభాగంలో ఒకటి. నాలుక మీది గుంట థైరాయిడ్ గ్రంథి పుట్టిన చోటు. గ్రంథి అక్కడి నుంచి మెడలోకి దిగిపోయింది, గుర్తుగా ఆ గుంట మిగిలింది.

రెండో అడుగు: ఎముకను నిలబెట్టి చూడండి

పుర్రెను ఎలాపడితే అలా పట్టుకుని చూస్తే ముందు ఏదో వెనక ఏదో తెలియదు. కంటిగుంట కింది అంచు, బయటి చెవి రంధ్రం పై అంచు ఒకే అడ్డగీత మీదకు వచ్చేలా పట్టుకోండి. 1880ల్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో శాస్త్రవేత్తలు ఒప్పుకున్న స్థానం ఇది, అందుకే ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. మనిషి నిటారుగా నిలబడి ఎదురుగా చూస్తున్నప్పుడు పుర్రె దాదాపు ఇలాగే ఉంటుంది.

పక్కన రెండే సరంజామా పెట్టుకోండి: ఫోన్ టార్చ్, కాస్త బిరుసుగా ఉండే నైలాన్ దారం. పెన్సిల్, పెన్ను మొనలు దూర్చొద్దు. కంటిగుంట లోపలి గోడ కాగితమంత పలచగా ఉంటుంది, చిన్న ఒత్తిడికే పగులుతుంది. నిజమైన ఎముక అయితే ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. అది ఒకప్పుడు బతికిన మనిషిది. మన చదువు కోసం మన చేతుల్లోకి వచ్చింది.

మూడో అడుగు: ప్రతి రంధ్రాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి

ఏ ఎముకలో ఉంది, లేదా ఏ రెండు ఎముకల మధ్య ఉంది? ఏ గదికీ ఏ గదికీ మధ్య తలుపు ఇది? ఎవరు వెళ్తున్నారు, ఏ దిశలో? ఇది ఇరుకైతే, విరిగితే, మూసుకుపోతే మనిషిలో ఏం కనబడుతుంది?

స్టైలోమాస్టాయిడ్ ఫొరామెన్ తీసుకుని చూద్దాం. చెవి వెనక తడిమితే గట్టిగా తగిలే ఎముక ఉబ్బు మాస్టాయిడ్. పుర్రెను తిరగేసి చూస్తే దానికి లోపలి పక్కన సూదిలా దిగిన స్టైలాయిడ్ కొన ఉంటుంది. పాత పుర్రెల్లో ఇది తరచూ విరిగిపోయి మొదలు మాత్రమే మిగులుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న చిన్న రంధ్రమే మనది, పేరులోనే చిరునామా ఉంది. ఇక ప్రయాణికుడు ఏడో కపాల నరం (మెదడు నుంచి నేరుగా బయలుదేరే పన్నెండు జతల నరాల్లో ఏడోది), అంటే ముఖ నరం. ఎనిమిదో నరంతో కలిసి పుర్రె లోపలి వైపున చెవి ఎముకలోకి వెళ్లే దారి ఇంటర్నల్ అకౌస్టిక్ మియేటస్‌లోకి దిగి, ఎముక లోపలే మలుపులు తిరిగి, ఇక్కడ బయటపడి ముఖ కండరాలకు వెళ్తుంది.

నాలుగో ప్రశ్నకు జవాబు పుట్టిన బిడ్డలో దొరుకుతుంది. పెద్దవాళ్లలో మాస్టాయిడ్ ఉబ్బు ఈ నరానికి కాపు కాస్తుంది. పుట్టిన బిడ్డకు ఆ ఉబ్బు ఇంకా ఏర్పడదు, రంధ్రం దాదాపు చర్మం కిందే ఉంటుంది. కాన్పులో బిడ్డ తలను పట్టి లాగే ఫోర్సెప్స్ ఒత్తిడి అక్కడ పడితే నరం నలిగి, బిడ్డ ఏడ్చినప్పుడు ముఖం ఒక సగం కదలదు. చాలావరకు కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఈ ఒక్క చిత్రం మనసులో పడితే రంధ్రం పేరు, చోటు, నరం మూడూ కలిసి నిలబడతాయి. మిగతా రంధ్రాలన్నింటికీ ఇదే కొలత పెట్టుకోండి.

నాలుగో అడుగు: పుర్రె లోపల మూడు మెట్లు దిగండి

పైమూత తీసిన పుర్రెలోకి చూస్తే నేల ముందు నుంచి వెనక్కి మూడు మెట్లుగా దిగుతుంది. నా లెక్కలో ఈ భాగానికే ఎక్కువ సమయం ఇవ్వాలి, మిగతా పుర్రె అంతా దీని చుట్టూ అల్లుకుంటుంది.

ముందు మెట్టు మధ్యలో జల్లెడలాంటి పలక ఉంటుంది. దాని సన్నటి తూట్లలోంచి వాసన నరపు పోగులు ముక్కులోంచి పైకి వస్తాయి. తలకు దెబ్బ తగిలి ఈ పలక విరిగితే వాసన పోవచ్చు, మెదడు చుట్టూ ఉండే ద్రవం ముక్కులోంచి నీళ్లలా కారవచ్చు. అది జలుబు అనుకుని వదిలేస్తే ప్రమాదం, ఆ దారిలోనే క్రిములు మెదడు పొరల దాకా వెళ్తాయి.

మధ్య మెట్టు సీతాకోకచిలుక ఆకారపు స్ఫినాయిడ్ ఎముకది. ముందు ఆప్టిక్ కెనాల్ చూడండి: చూపు నరం, దానితోపాటు కంటికి రక్తమిచ్చే ఆఫ్తాల్మిక్ ధమని. దానికి బయటి పక్కన, చిన్న రెక్కకూ పెద్ద రెక్కకూ మధ్య చీలిక సుపీరియర్ ఆర్బిటల్ ఫిషర్. కంటిని కదిలించే మూడు నరాలు, అంటే మూడు, నాలుగు, ఆరు, ఇందులోంచే వెళ్తాయి. ముఖానికి స్పర్శ తెలిపే ఐదో నరం మొదటి కొమ్మ, కంటి సిర కూడా ఇదే దారి. ఇక్కడ గడ్డ పెరిగితే కన్ను కదలదు, రెప్ప వాలిపోతుంది, నుదురు మొద్దుబారుతుంది. చూపు నరం మాత్రం పక్క దారిలో ఉంది కాబట్టి మొదట్లో చూపు బాగానే ఉండవచ్చు. ఎవరు ఏ తలుపులో ఉన్నారో తెలిస్తే రోగ లక్షణాలు చూసి చోటు చెప్పవచ్చు.

ఆ చీలిక వెనక నుంచి పెద్ద రెక్క మీద నెలవంక ఆకారంలో మూడు రంధ్రాలు వరసగా వెనక్కి, బయటికి వంగుతూ వెళ్తాయి: రొటండమ్, ఓవేల్, స్పైనోసమ్. ఇప్పుడు టార్చ్ తీయండి. పుర్రె లోపల నుంచి వెలుగు వేసి, అడుగు వైపు చూడండి. ఓవేల్, స్పైనోసమ్ రెండూ చక్కగా వెలుగుతాయి. రొటండమ్ వెలగదు. అది కిందికి కాదు, ముందుకు తెరుచుకుంటుంది, ముఖం వెనక ఉన్న టెరిగోపాలటైన్ ఫోసాలోకి. ఐదో నరం రెండో కొమ్మ పై దవడకు వెళ్లాలి కాబట్టి ముందుకు దారి. మూడో కొమ్మ కింది దవడకు వెళ్లాలి కాబట్టి ఓవేల్ కిందికి తెరుచుకుంది. దిశ చూస్తే చాలు, ఎవరు ఎటు వెళ్తున్నారో అర్థమవుతుంది.

స్పైనోసమ్‌ను పట్టుకోవడానికి ఇంకో గుర్తుంది. దాని నుంచి ఒక సన్నటి గాడి బయలుదేరి పుర్రె లోపలి గోడ మీద చెట్టు కొమ్మల్లా చీలుతూ పైకి వెళ్తుంది. మిడిల్ మెనింజియల్ ధమని వేసిన ముద్ర అది. గోరుతో ఆ గాడి వెంట నడవండి, కణత దగ్గర పుర్రె ఎంత పలచగా ఉందో వేలికే తెలుస్తుంది. అక్కడ దెబ్బ తగిలి ఈ ధమని తెగితే పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం గడ్డకడుతుంది. కాసేపు బాగున్నట్టే కనిపించిన మనిషి తర్వాత స్పృహ తప్పే ప్రమాదం ఇందులోనే ఉంది.

ఓవేల్‌తో వైద్యం కూడా జరుగుతుంది. ముఖంలో కరెంట్ షాక్ కొట్టినట్టు నొప్పి వచ్చే ట్రైజెమినల్ న్యూరాల్జియాలో, మందులు పనిచేయనప్పుడు, చెంపలోంచి సూది పంపి, ఎక్స్‌రేలో చూసుకుంటూ ఓవేల్ గుండా నరం ముడి దాకా చేరుస్తారు. ఎముక వదిలిన దారే వైద్యుడికీ దారి అయింది.

లాసెరమ్ దగ్గర జాగ్రత్త. ఎండిన పుర్రెలో అది పెద్ద కంతలా కనిపిస్తుంది, టార్చ్ వెలుగూ పడుతుంది. మెదడుకు రక్తం తెచ్చే ఇంటర్నల్ కరోటిడ్ ధమని దీనిలోంచే పైకి వస్తుందని చాలామంది రాసేస్తారు. నిజానికి ధమని కింద నుంచి కరోటిడ్ కెనాల్‌లోకి ఎక్కి, ఎముకలోనే మలుపు తిరిగి ముందుకు వచ్చి, లాసెరమ్ పైభాగం మీదుగా సాగిపోతుంది. బతికున్న మనిషిలో లాసెరమ్ కింది భాగాన్ని మృదులాస్థి నింపి ఉంచుతుంది. దారం కరోటిడ్ కెనాల్ కింది ముఖంలో దూర్చి ఎక్కడ తేలుతుందో చూడండి, ఆ వంపు ఒక్కసారి చేతికి తెలిస్తే ఈ తప్పు మళ్లీ చేయరు.

వెనక మెట్టులో దృష్టంతా ఫొరామెన్ మాగ్నమ్ మీదకే పోతుంది. ముందు నుంచి వెనక్కి సుమారు 35 మిల్లీమీటర్లు, అడ్డంగా సుమారు 30. మెదడు కాండం వెన్నుపాముగా మారే చోటు ఇది. మెడ పూసల గుండా మెదడుకు ఎక్కే వర్టిబ్రల్ ధమనులు రెండూ, పదకొండో నరపు వెన్ను వేళ్లూ ఇక్కడ నుంచే పైకి వస్తాయి. పుర్రె లోపల ఒత్తిడి బాగా పెరిగితే చిన్నమెదడు కింది అంచులు ఈ రంధ్రంలోకి జారి, ఊపిరిని నడిపే భాగాన్ని నొక్కేస్తాయి. మెదడులో గడ్డ ఉందన్న అనుమానం ఉంటే స్కాన్ చూడకుండా నడుము దగ్గర ద్రవం తీయకూడదనేది అందుకే.

మాగ్నమ్ పక్క గోడలో హైపోగ్లోసల్ కెనాల్, నాలుకను కదిపే పన్నెండో నరానిది. దానికి బయటి పక్కన జుగులర్ ఫొరామెన్. తొమ్మిది, పది, పదకొండు నరాలు, మెదడు రక్తాన్ని మోసే పెద్ద సిర కలిసి ఇందులోంచి దిగుతాయి. రెండువైపులా పోల్చి చూడండి, ఎక్కువ పుర్రెల్లో కుడివైపుది పెద్దది. మెదడు సిరల రక్తం ఎక్కువమందిలో కుడివైపుకే ఎక్కువగా మళ్లుతుంది కాబట్టి ఆ తేడా.

ఐదో అడుగు: మీ ముఖం మీదే వెతకండి

ఐదో నరం మూడు కొమ్మలూ చివరికి ముఖం మీద మూడు రంధ్రాల్లో బయటపడతాయి. కనుబొమ్మ కింద ఎముక అంచు వెంట వేలు జరపండి, లోపలి మూడో వంతు దాటే చోట చిన్న గంటు తగులుతుంది. అది సుప్రాఆర్బిటల్. గట్టిగా నొక్కితే ఒక రకమైన మొండి నొప్పి తెలుస్తుంది, నరం దొరికినట్టే. కంటిగుంట కింది అంచుకు ఒక సెంటీమీటరు లోపు దిగువన ఇన్ఫ్రాఆర్బిటల్. కింది దవడ మీద, ముందు దవడపళ్ల దిగువన మెంటల్ ఫొరామెన్. మూడూ దాదాపు ఒకే నిలువు గీత మీద, ముఖం మధ్యగీతకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి.

మెంటల్ ఫొరామెన్ వయసును బట్టి చోటు మారినట్టు కనిపించడం నాకు చాలా ఇష్టమైన విషయం. పసిబిడ్డలో అది దవడ కింది అంచుకు దగ్గరగా, పెద్దవాళ్లలో సరిగ్గా మధ్యలో, పళ్లన్నీ ఊడిన ముసలివాళ్లలో పై అంచుకు దగ్గరగా ఉంటుంది. రంధ్రం కదల్లేదు. పళ్లను పట్టుకునే ఎముక చిన్నప్పుడు ఇంకా పెరగలేదు, ముసలితనంలో కరిగిపోయింది.

కింది దవడ లోపలి వైపు మాండిబ్యులర్ ఫొరామెన్ ఉంది. నరం అందులో దూరి, దవడ లోపలే పళ్లకు కొమ్మలిచ్చి, మిగిలిన భాగం మెంటల్ ఫొరామెన్‌లోంచి బయటికొచ్చి పెదవికి వెళ్తుంది. పంటి డాక్టర్ లోపల ఇంజెక్షన్ ఇస్తే బయట కింది పెదవి సగం మొద్దుబారేది ఇందుకే. పెదవి తిమ్మిరెక్కిందా అని డాక్టర్ అడిగేది, మందు సరైన చోట పడిందో లేదో తేల్చుకోవడానికి.

ఆరో అడుగు: వెన్నులో మూడు రకాలను కలగలపకండి

వెన్నుపూస మధ్యలో ఉన్న పెద్ద రంధ్రం వర్టిబ్రల్ ఫొరామెన్. పూసలు దొంతరగా పేరిస్తే ఆ రంధ్రాలన్నీ కలిసి వెన్నుపాముకు గొట్టమవుతాయి. పక్కపక్క పూసల మధ్య, ఇరువైపులా ఏర్పడేది ఇంటర్‌వర్టిబ్రల్ ఫొరామెన్, వెన్ను నరం బయటికొచ్చే కిటికీ. ఇది ఒక్క పూసలో ఉండదు, రెండు పూసలు కలిస్తేనే ఏర్పడుతుంది. ముందు డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్త), వెనక చిన్న కీలు. అందుకే డిస్క్ ఉబ్బినా, కీలు అరిగి ఎముక పెరిగినా కిటికీ ఇరుకవుతుంది. మూడోది మెడ పూసల అడ్డకొమ్ముల్లో ఉండే ట్రాన్స్‌వర్స్ ఫొరామెన్, మెడ పూసను గుర్తుపట్టడానికి ఇదొక్కటే చాలు. వర్టిబ్రల్ ధమని సాధారణంగా ఆరో పూస దగ్గర దూరి పైకెక్కుతుంది. ఏడో పూసలోనూ రంధ్రం ఉంటుంది, కానీ మామూలుగా అందులో చిన్న సిరలే ఉంటాయి.

లెక్క దగ్గర అందరూ తడబడతారు. మెడలో పూసలు 7, నరాలు 8. మొదటి ఏడు నరాలు తమ అంకె ఉన్న పూసకు పైన బయటికొస్తాయి. ఎనిమిదోది ఏడో పూస కింద వస్తుంది. అక్కడి నుంచి దిగువకు ప్రతి నరమూ తన పూస కిందే. మరి నడుములో నాలుగు, ఐదు పూసల మధ్య డిస్క్ జారితే సాధారణంగా నలిగేది నాలుగో నరం కాదు, ఐదోది. నాలుగో నరం డిస్క్ కంటే పైనే కిటికీలోంచి తప్పుకుంటుంది. కింది కిటికీకి వెళ్లడానికి డిస్క్ వెనక నుంచి దిగుతున్న ఐదో నరం దాని కింద పడుతుంది. కాగితం మీద మీ చేత్తో ఒక్కసారి గీస్తే తప్ప ఇది వంటబట్టదు, గీయండి.

నడుము కింద ఉన్న త్రికాస్థిలో రంధ్రాలు ముందు నాలుగు జతలు, వెనక నాలుగు జతలు. ఐదు పూసలు అతుక్కున్నాయి, ఐదింటి మధ్య సందులు నాలుగే కదా.

ఏడో అడుగు: లిగమెంట్లు కట్టిన తలుపులు

తుంటి ఎముకలోని ఆబ్ట్యురేటర్ ఫొరామెన్ శరీరంలోని ఎముక రంధ్రాలన్నింటిలో పెద్దది. అంత పెద్దదైనా బతికున్న మనిషిలో ఒక పొర దాన్ని దాదాపుగా మూసేస్తుంది, పైమూల చిన్న సందు మాత్రం నరానికీ రక్తనాళాలకూ వదులుతుంది. మగవారిలో కోలగా, ఆడవారిలో కాస్త చిన్నగా, త్రికోణంగా కనిపించడం ఎముక ఎవరిదో చెప్పే గుర్తుల్లో ఒకటి.

వెనక వైపు గ్రేటర్, లెస్సర్ సయాటిక్ ఫొరామినా ఎండిన ఎముకలో గంటులుగానే కనిపిస్తాయి, రెండు లిగమెంట్లను ఊహించుకుంటేనే రంధ్రాలవుతాయి. సయాటిక్ నరం పెద్ద తలుపులోంచి పిరుదుల్లోకి వెళ్లిపోతుంది. జననాంగాల వైపు వెళ్లే ప్యుడెండల్ నరం మాత్రం పెద్ద తలుపులోంచి బయటికొచ్చి, ఎముక ముల్లు వెనక నుంచి చుట్టూ తిరిగి, చిన్న తలుపులోంచి మళ్లీ లోపలికి వస్తుంది. కాన్పు సమయంలో ఈ నరానికి మత్తు ఇచ్చేవాళ్లు వేలితో వెతికేది ఆ ముల్లునే.

పొడవాటి ఎముకల మీద చిన్న ఏటవాలు తూట్లు పోషక ధమనులవి. చేతి ఎముకల్లో అవి మోచేతి వైపు, కాలి ఎముకల్లో మోకాలికి దూరంగా వాలి ఉంటాయి. ఎముక ఎక్కువగా పెరిగే కొనకు ఎదురు దిశ అన్నమాట.

ఎనిమిదో అడుగు: అవయవాల్లోకి రండి

గుండెలోని ఫొరామెన్ ఓవేల్ పుట్టుకతో పని ముగిసే రంధ్రం. గర్భంలో బిడ్డ ఊపిరి తీసుకోదు కాబట్టి, మాయ నుంచి వచ్చిన మంచి రక్తం ఊపిరితిత్తుల చుట్టూ తిరగకుండా గుండె పైగదుల్లో ఒకటైన కుడి కర్ణిక నుంచి ఎడమ కర్ణికలోకి నేరుగా దాటుతుంది. ఎడమ వైపున తలుపు రెక్కలా ఒక పొర ఉంటుంది. మొదటి ఊపిరితో ఊపిరితిత్తులకు రక్తం పోటెత్తి, తిరిగి ఎడమ కర్ణికలో నిండుతుంది. ఆ ఒత్తిడికి రెక్క గోడకు అతుక్కుంటుంది. తర్వాత మిగిలేది ఫోసా ఓవాలిస్ అనే గుంట. పెద్దవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి ఆ రెక్క పూర్తిగా అతుక్కోదు. చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. కాలి సిరలో పుట్టిన రక్తపు గడ్డ ఆ సందులోంచి ఎడమవైపు దాటితే మాత్రం మెదడుకు చేరి పక్షవాతం తేవచ్చు. వయసులో ఉన్నవాళ్లకు కారణం తెలియని పక్షవాతం వస్తే గుండె స్కాన్‌లో ఈ సందు కోసం వెతుకుతారు.

మెదడు లోపలి గదుల్లో ద్రవం ప్రయాణం కూడా రంధ్రాల కథే. రోజుకు సుమారు అర లీటరు ద్రవం తయారవుతుంది, ఒక్కో సమయంలో ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లే. అంటే అది ఆగకుండా పారుతూ, రక్తంలోకి ఇంకిపోతూ ఉండాలి. రెండు పక్క గదుల నుంచి మన్రో రంధ్రాల గుండా మూడో గదిలోకి, అక్కడ నుంచి సన్నటి ఆక్విడక్ట్ గుండా నాలుగో గదిలోకి, అక్కడ నుంచి మూడు రంధ్రాల గుండా బయటికి. ఆ మూడింటిలో మజెండీ మధ్యలో ఒకటి, మజెండీ, మధ్య అనే మాటలు రెండూ 'మ'తోనే మొదలవుతాయి. లుష్కావి పక్కలకు రెండు. ఎక్కడ మూసుకుంటే అంతకు ముందున్న గదులు ఉబ్బుతాయి. ఆక్విడక్ట్ మూసుకుంటే మొదటి మూడు గదులూ ఉబ్బి, నాలుగోది మామూలుగా ఉంటుంది. అలాంటప్పుడు సర్జన్లు ఎండోస్కోపుతో మూడో గది నేలకు చిన్న రంధ్రం చేసి ద్రవానికి కొత్త దారి ఇస్తారు.

కడుపులో ఎపిప్లోయిక్ ఫొరామెన్, విన్‌స్లో పేరుతో పిలిచేది, జీర్ణకోశం వెనకున్న సంచిలాంటి ఖాళీకి ద్వారం. డిసెక్షన్‌లో, అంటే శవాన్ని కోసి చదివేటప్పుడు, ఎడమ చూపుడు వేలు దూర్చి బొటనవేలు పైన పెట్టండి. రెండు వేళ్ల మధ్య దొరికే అంచులో కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర, హెపాటిక్ ధమని, దాని నుంచి వచ్చే పిత్తనాళం ఉన్నాయి. వేలి వెనక ఇన్ఫీరియర్ వీనా కావా (కింది శరీరపు రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర), పైన కాలేయపు కాడేట్ లోబ్, కింద డుయోడినం, అంటే చిన్నపేగు మొదలు, మొదటి భాగం. కాలేయం చిట్లి రక్తం పోతున్నప్పుడు ఇదే అంచును నొక్కి పట్టి రక్తాన్ని ఆపవచ్చని 1908లో జేమ్స్ హోగార్త్ ప్రింగిల్ రాశారు. ఈ రోజుకీ సర్జన్లు చేసేది అదే.

ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరం డయాఫ్రమ్‌కు మూడు ద్వారాలు, ఛాతీ వెన్నుపూసల లెక్కలో 8, 10, 12. ఎనిమిది దగ్గర వీనా కావా, పది దగ్గర అన్నవాహిక, పన్నెండు దగ్గర మహాధమని. వీనా కావా ద్వారం కండరంలో కాదు, మధ్యనున్న గట్టి పొరలో ఉంది. ఊపిరి పీల్చినప్పుడు అది నలగదు, పైగా వెడల్పవుతుంది, సిర రక్తం గుండెకు సులువుగా చేరుతుంది. అన్నవాహిక చుట్టూ మాత్రం కండరమే, బిగిస్తే కడుపులోది పైకి రాకుండా ఆపుతుంది. ఆ పట్టు సడలితే జీర్ణకోశం పైభాగం ఛాతీలోకి జారేదే హయేటస్ హెర్నియా. మహాధమని అసలు డయాఫ్రమ్ వెనక నుంచి వెళ్తుంది, కండరం ఎంత బిగిసినా దానికి ఇబ్బంది లేదు.

ముక్కు పక్కన, బుగ్గ వెనక, పై దవడ ఎముకల్లో ఉన్న మాక్సిలరీ సైనస్ ద్వారం దాని గోడలో బాగా పైన ఉంది. నిలబడి ఉన్నప్పుడు ద్రవం దానంతట అది కిందికి కారిపోదు, లోపలి పొర మీది సన్నటి నూగు దాన్ని పైకి నెట్టాలి. జలుబులో ఆ పొర వాస్తే ద్రవం లోపలే నిలిచిపోతుంది, బుగ్గలు బరువెక్కుతాయి.

తొమ్మిదో అడుగు: తెల్లకాగితంతో పరీక్షించుకోండి

పుస్తకం మూసి, పుర్రె అడుగు ఆకారం మాత్రం గీసుకోండి. ఇప్పుడు రంధ్రాలు గుర్తించవద్దు. ఒక నరాన్ని ఎంచుకుని, మెదడు దగ్గర నుంచి అది చేరే చోటు దాకా గీత గీయండి. గీత ఎముకను దాటిన ప్రతిచోటా పేరు రాయండి. రోజుకు ఒక్క నరం చాలు, పన్నెండు రోజుల్లో పట్టిక అంతా మీ గీతల్లోంచే వస్తుంది. తర్వాత ధమనులు, ఆ తర్వాత సిరలు.

ఒక్క పుర్రెతో ఆగవద్దు, కుదిరినన్ని చూడండి. ఒకరిలో కనుబొమ్మ దగ్గర గంటు ఉంటే ఇంకొకరిలో పూర్తి రంధ్రం ఉంటుంది, ఒకే మనిషిలో రెండువైపులా రెండు రకాలుగానూ ఉండవచ్చు. కొందరి ఛాతీ మధ్య ఎముకలో పుట్టుకతో ఒక రంధ్రం ఉంటుంది, దాని వెనకే గుండె. ఆ ఎముకలోంచి మూలుగ తీసేటప్పుడు సూది ఎంత లోతు దిగుతుందో చూసుకోవడానికి అదీ ఒక కారణం.

చివరగా ఒక సీటీ స్కాన్ తెరిచి, పుర్రె అడుగును అడ్డంగా కోసిన చిత్రం దగ్గర ఆపండి. పెద్ద రెక్క మీద ఒక కోల మచ్చ, దాని వెనక బయటి పక్కన చిన్న చుక్క కనిపిస్తాయి. హై హీల్ చెప్పు వేసుకుని అడుగు వేసినట్టుంటుంది. పాదం ముద్ర ఓవేల్, మడమ ముద్ర స్పైనోసమ్.